ఎత్తి రాయని మాట

సాయంత్రం పుస్తకావిష్కరణకి మా ఆయన వేసుకోబోయే చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. ఆయన అద్దం ముందు ఉపన్యాసం వల్లె వేసుకుంటూ, ముందుమాటలో నన్ను కూడా తలుచుకున్నానని, చూశావా అని అడిగారు. చూశాను. ‘వేళకు కాఫీ అందించిన నా శ్రీమతికి’ అని ఉంది. కాలరు మాడకముందే ఇస్త్రీపెట్టె ఎత్తేశాను. అది నా మంచితనమేం కాదు. మాడితే ఇంకో చొక్కా ఇస్త్రీ చెయ్యాల్సిందీ నేనే.

ఆ పుస్తకం అరుదైన ఇంగ్లీషు మాటలది. ఎవరూ వాడని మాటలు, వాటి అర్థాలు, ఒక్కోదానికి ఒక ఉదాహరణ వాక్యం. ఆలోచన ఆయనదే, కాదనను. కాలేజీ నుంచి పాత నిఘంటువులు మోసుకొచ్చి బల్ల మీద పడేసి, ఖాళీగానే ఉంటావుగా, కాస్త చూసిపెట్టు అన్నారు. పదకొండేళ్ళు చూసిపెట్టాను. కుక్కరు కూతకీ కూతకీ మధ్య ఒక మాట. చీటీలన్నీ పాత చెప్పుల పెట్టెల్లో దాచేదాన్ని. పల్లెటూరి డిగ్రీకి ఎంత పెద్ద ఉద్యోగం వచ్చిందో అని మామగారు నవ్వేవారు. చీటీ మీద నూనె మరక పడితే, వాడి కాగితాలు పాడు చేస్తున్నావని అత్తగారు కేకలేసేవారు.

పప్పులో రాళ్ళు ఏరే చేతులకి మాటలు ఏరడం ఒక లెక్కా? పైగా ఆ మాటలన్నీ మా ఇంట్లో ఉండి వెళ్ళినట్టే ఉండేవి. జెంటాక్యులర్ అంటే పొద్దుటి ఫలహారానికి సంబంధించినది. నా వయసులో సగం దానికి సంబంధించినదే. అల్ట్రాక్రెపిడేరియన్ అంటే తనకు తెలియని సంగతుల మీద తీర్పులు చెప్పేవాడు. పొయ్యి ముఖం చూడని మామగారు కూరకి వంకలు పెడుతుంటే లోలోపల ఆ మాట జపం చేసుకునేదాన్ని. అక్సోరియస్ అంటే పెళ్ళాం మీద మితిమీరిన మోజు ఉన్నవాడు. దానికి ఉదాహరణ వాక్యం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

పుస్తకం ప్రెస్సుకెళ్ళే ముందు అట్ట నమూనా వచ్చింది. దాని మీద ఆయన పేరొక్కటే ఉంది. నా పేరేదని అడిగాను. కోప్పడలేదు, పసిపిల్లకి నచ్చజెప్పినట్టు చెప్పారు.

“నువ్వు రాసిందేముందోయ్ ఇందులో? నిఘంటువుల్లో ఉన్నది ఎత్తి రాశావు. ఎత్తి రాసేవాళ్ళ పేరు అట్ట మీద వేస్తారా ఎక్కడైనా?”

ఆ మధ్యాహ్నం అందరూ తిని లేచాక, వంటింటి గట్టుకి ఆనుకుని గిన్నె అడుగున మిగిలింది తింటున్నాను. నాలుగు వేల మాటలు ఏరానే, నేను రోజూ చేసే ఈ పనికి ఒక్క మాటా తగల్లేదే అనిపించింది. చెయ్యి కడుక్కుని ఒక చీటీ తీశాను. ‘స్కెవోరేట్: అందరూ తిన్నాక మిగిలినదాన్ని నిలబడి తినడం.’ నిఘంటువులు వేసేవాళ్ళు కావాలనే ఒక దొంగమాట అందులో దాస్తారట, కాపీ కొట్టినవాడు దానితో దొరికిపోతాడట. అట్ట నమూనా తెచ్చిన ప్రెస్సు పెద్దాయన మాటల మధ్య చెప్పాడు. నా చీటీని మిగతావాటి మధ్య పెట్టేశాను. మా ఆయన ఒక్కసారి చదివితే పట్టేస్తారు. చదవాలిగా.

హాల్లో వెనక వరసలో కూర్చున్నాను. ఎవరైనా ఏదైనా అడిగితే అందించడానికి చీటీల పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను. వేదిక మీద ఆయన, అధ్యక్షుడు, రాని అతిథి కోసం వేసిన ఒక కుర్చీ. ఉపన్యాసం అయ్యాక ముందు వరసలోంచి ఒక లైబ్రేరియనావిడ లేచింది. స్కెవోరేట్ అన్న మాట భలే ఉందని, వాళ్ళమ్మ జన్మంతా చేసింది అదేనని, అది ఎక్కడ దొరికిందని అడిగింది. ఆయన ఒక్క క్షణం పేజీ వంక చూసుకుని చిరునవ్వు నవ్వారు. అది లాటిన్ నుంచి వచ్చిందన్నారు. దాని మూలం కోసం రెండు వారాలు పాత గ్రంథాలయాల్లో దుమ్ములో కూర్చున్నానన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ పెన్ను తీసి, ఏ నిఘంటువండీ అంది. ఆయన అలవాటుగా నా వైపు చెయ్యి చాచారు.

“ఏమోయ్, ఆ చీటీ చదువు.”

చీటీ కనపడలేదనొచ్చు. కాఫీ అందించినట్టే వేళకు ఒక అబద్ధం అందించొచ్చు. పదకొండేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే కదలబోయింది కూడా. లేచి, పెట్టెతో సహా వేదిక ఎక్కాను.

“అది ఏ నిఘంటువులోనూ లేదండీ. మా వంటింట్లో పుట్టింది, నేనే పుట్టించాను. మిగతా నాలుగు వేలు మాత్రం ఉన్నవే. వాటిని ఏరిందీ నేనే, అర్థాలు రాసిందీ నేనే. ఇవిగో చీటీలు, నా దస్తూరీ.”

ఆయన మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, పళ్ళ బిగువున అన్నారు.

“కిందికి పద. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. వచ్చే ముద్రణలో ఆ మాట తీయించేస్తాను.”

“మాట ఉంటుందండీ. మారాల్సింది అట్ట.”

రాని అతిథి కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. పెట్టె ఒళ్ళో పెట్టుకుని అందులో కూర్చున్నాను.