నా బల్ల మీది లీకేజీ

పొగ వస్తే కూసే అలారాల బోర్డులు మా గదిలో తయారవుతాయి. చివరి పరీక్ష నాది. ఒక్కో బోర్డునూ కడిగి, ఆరబెట్టి, భూతద్దం కింద పెట్టి, పనేమీ లేకుండా ఉన్నప్పుడు అది ఎంత కరెంటు తాగుతోందో మీటరుతో చూస్తాను. ఆ నెల కొత్తరకం బోర్డులు వచ్చాయి. అప్పట్నుంచి పదిలో నాలుగు తాగకూడనంత తాగుతున్నాయి. ఎక్కడో కరెంటు దొంగదారిన కారిపోతోంది. అలాగే వదిలేస్తే ఏళ్ళ తరబడి రావలసిన బ్యాటరీ నెలల్లో చచ్చిపోతుంది. ఇల్లు తగలబడుతున్నా అలారం నోరెత్తదు.

ఫోర్‌మన్ వచ్చి తేల్చేశాడు. "శుక్రవారం లోపు సంగతేంటో తేలకపోతే ఈ బల్ల ఎత్తేస్తాం. మీరూ ఇంక ఇంటిపట్టున హాయిగా ఉండండి."

హాయట! ఆ ఇంట్లో ఏముందని? మా అక్కా నేనూ నలభై ఏళ్ళు ఒకే కప్పు కింద బతికాం. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు తాళం తీసి లోపలికెళితే నా చెప్పుల చప్పుడు నాకే వినిపిస్తుంది. ఈ బల్ల కూడా పోతే నాకు పిచ్చెక్కుతుందని నాకు తెలుసు.

చెయ్యని పని లేదు. కడిగే స్పిరిట్ మార్చాను, బ్రష్షు మార్చాను. టంకం వేసినచోట మిగిలిన జిగురు గీకాను. అనుమానం వచ్చిన విడిభాగాల్ని ఒక్కొక్కటే ఊడబీకి చూశాను. కడిగితే తగ్గుతుంది, మళ్ళీ చూడబోతే ఎక్కుతుంది.

బుధవారం పై అంతస్తు నుంచి ఇంజనీరమ్మాయిని పంపారు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, "మీ పని మీరు చేసుకోండి బాబాయ్, నేను చూస్తుంటా" అంది. చూస్తూ ఊరుకుంటేగా? టంకం ఎక్కడ నేర్చుకున్నారు, ఇంట్లో ఎవరు వండిపెడతారు, ఇలా ప్రశ్న మీద ప్రశ్న. గదిలో అందరూ నన్ను మౌనిబాబా అంటారు. ఆ రోజు బాబాగారికి నోరు పెగిలింది. ఆమె వైపు తిరిగి మా అక్క కోపాలూ, పేకాటలో ఆవిడ చేసే దొంగాటలూ అన్నీ చెప్పుకొచ్చాను. సాయంత్రానికి ముప్ఫై బోర్డులు చూస్తే ముప్ఫయ్యీ పాస్.

గురువారం ఆమె కావాలనే దూరంగా, నా వెనకాల నిలబడింది. మళ్ళీ పదిలో నాలుగు పోయాయి. దగ్గరికొచ్చి కాసేపు నసిగింది.

"ఏమనుకోకండి బాబాయ్. మీరు బోర్డులతో మాట్లాడుతున్నారు."

"నేనా?"

"'ఏమ్మా, నీకేమొచ్చింది, నువ్వన్నా సరిగ్గా చెప్పు' అంటున్నారు. మొహం ఇంత దగ్గరగా పెట్టి. ఆ ఊపిరి తడీ, తుంపరలూ చాలు, కరెంటు కారిపోవడానికి. ఈ కొత్త బోర్డులు అసలే సుకుమారం."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ పిల్ల పట్టేసింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఎన్నాళ్ళుగా అలా మాట్లాడుతున్నానో నాకే తెలియదు.

"ఫోర్‌మన్‌కి చెబుతావా?"

"మూతికి మాస్క్ కట్టుకోవాలని రాస్తాను. ఎందుకో రాయను."

శుక్రవారం మాస్క్ కట్టుకుని కూర్చున్నాను. నలభై బోర్డులూ పాస్. ఫోర్‌మన్ భుజం తట్టి వెళ్ళాడు. బల్ల దక్కింది. సోమవారం నలభై, మంగళవారం నలభై. ఇక నా దగ్గరికి ఎవరూ రావలసిన పనే లేకుండా పోయింది. పెదాలు కదలబోతే పళ్ళు బిగించి కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, బల్ల పోతుందని భయపడ్డ రోజుల్లో కూడా నాకు అంత ఒంటరిగా అనిపించలేదు.

బుధవారం మధ్యాహ్నం ఒక పాడుబుద్ధి పుట్టింది. మాస్క్ కిందికి లాగి బోర్డు మీదికి వంగాను. ఒక్క "హా" అంటే చాలు, మీటరు ముల్లు లేస్తుంది, పైనుంచి మనిషి దిగుతుంది. అంతలో ఎవరింట్లోనో కూయకుండా ఉండిపోయే అలారం కళ్ళముందు మెదిలింది. ఛీ అనుకుని మాస్క్ ఎక్కించాను. లేచి గోడకున్న ఫోను తీసి పై అంతస్తుకు చేశాను.

"మళ్ళీ లీకేజీ వచ్చిందా బాబాయ్?" ఆమె గొంతులో కంగారు.

"లేదమ్మా. అన్నీ పాసయ్యాయి."

"మరేంటి?"

"ఏం లేదు. మాట్లాడటానికి మనిషి లేక చేశాను."