విప్పి చూడని సంచి

కమలకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: మొగుడు సోమశేఖర్ ఆకాశంలో దారి తప్పుతాడని, బిడ్డ తండ్రి మొహం ఎరగకుండా పెరుగుతుందని. గౌలిపురలో వాళ్ల గల్లీ అంతటికీ ఆ సంగతి తెలుసు. విమానాల మైదానంలో ఖదీర్‌కూ తెలుసు, సోమశేఖర్ రోజూ నవ్వుతూ చెప్పేవాడు కనుక.

సోమశేఖర్ టపా విమానం నడిపే పైలటు, ఖదీర్ దాని మెకానిక్. ఆ పొద్దున ఖదీర్ తోలుగుడ్డలో పెట్రోలు వడపోస్తున్నాడు. నీటిబొట్టు ఒక్కటి దిగినా గాలిలో ఇంజను ఆగిపోతుంది. పెట్రోలు తడికి అతని వేళ్ల సందులు తెల్లగా పగిలి ఉన్నాయి. షెడ్డులో బల్ల మీద సోమశేఖర్ నక్షా పరిచి, మద్రాసు దాకా పెన్సిలుతో గీత గీశాడు. వాతావరణం చీటీ చూసి, గాలి ఎటు తోస్తుందో లెక్కగట్టి, విమానం ముక్కు ఎంత పక్కకు పట్టాలో అంచున రాసుకున్నాడు. నల్లమల మీద మబ్బు ఉందట. ఇంకో గంటకు సరిపడా పెట్రోలు పోయమన్నాడు. టపా మూటలు తూకం వేయించి, తనూ కాటా ఎక్కాడు.

ఆఖరున జేబులు. తాళాలు, చాకు, బీడీల డబ్బా తీసి ఖదీర్ చేతిలో పెట్టాడు. కాళ్ల దగ్గరుండే దిక్సూచి పక్కన ఇనుముంటే ముల్లు పక్కకు జరుగుతుంది. మబ్బులో ఆ ముల్లు తప్ప మరో ఆధారం లేదు.

భోజనం సంచి ఖదీర్ చేతికి బరువుగా తగిలింది.

"ఏంది సోమన్నా, గింత బరువు? విప్పి చూపియ్."

"మీ చెల్లె కట్టింది భాయ్. తొమ్మిది ముడులేసింది. విప్పితే మళ్ల కట్టరాదు నాకు."

"సజ్జరొట్టెలా, రాళ్లా?"

"తింటే రెండూ ఒక్కతీరే. ఆమెకు చెప్పకు."

ఖదీర్ నవ్వి, సంచిని తనే పైలటు కాళ్ల పక్కన పెట్టాడు.

విమానం దిగిందని పదకొండింటికి మద్రాసు నుంచి తంతి రావాలి. రాలేదు. మైదానం పెద్దసాబ్ నక్షా మీది గీత వెంబడి వెతకమని రెండో విమానాన్ని పంపి, కబురు చెప్పమని ఖదీర్‌ను గౌలిపురకు తోలాడు.

కమల గడప మీద కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. నిండా ఇరవై ఏళ్లుండవు.

"విమానం జాడ ఇంకా తెల్వలేదు చెల్లె. వెతుకుతున్నరు."

ఆమె ఏడవలేదు. ఖదీర్‌కు అదే వింతగా తోచింది.

"ఆయనకేం కాదు భాయ్. బిడ్డ పుట్టినకాడికెల్లి దిండు కింద మా బాపు జట్కాగుర్రం కాలి ఇనుప నాడా పెడుతున్న. ఇనుముంటే ఏ గాలీ సోకదు. ఇయ్యాల మబ్బు పట్టింది కద, గది తీసి రొట్టెల నడుమ పెట్టి కట్టిన. చెప్తే నవ్వుతడని చెప్పలే."

పొద్దున ఆ సంచిని దిక్సూచి పక్కన పెట్టింది ఖదీరే. ఆమె మొహంలో ధీమా చూశాడు.

"మంచిగ చేసినవ్ చెల్లె" అని లేచాడు.

మైదానానికి చేరేసరికి రెండో విమానం తిరిగొచ్చి ఉంది. గీత మీద ఏమీ కనబడలేదట.

"గీత మీద కాదు సాబ్. పక్కలకు, దూరం దూరం వెతకమనుండ్రి."

"ఎందుకు?"

నాడా సంగతి చెబితే రేపు గల్లీ అంతా ఆమె వాకిట్లో నిలబడి, మొగుణ్ణి ఆమే చంపుకుందంటుంది. బిడ్డ కూడా ఆ మాట వింటూనే పెరుగుతుంది.

"దిక్సూచి పక్కన నా పానా మరిచిన" అన్నాడు ఖదీర్.

మర్నాడు గీతకు పన్నెండు మైళ్లు పడమరగా, కొండవాలు మీద దొరికింది. విమానం కాలిపోయింది. సోమశేఖర్ సీట్లోనే ఉన్నాడు. ఆ బూడిదలో ఏ ఇనుము దేనిదో ఎవరూ చూడలేదు. సాయంత్రానికి ఖదీర్ నౌకరీ పోయింది. తన మొగుణ్ణి చంపినవాడు గడప తొక్కొద్దని కమల కబురు పంపింది. అదే మంచిదనుకున్నాడు ఖదీర్.

మీరెవరైనా గౌలిపుర వైపు వెళితే ఆమెను ఒకసారి చూసి రండి. తిన్నదా, బిడ్డకు పాలు చాలుతున్నాయా అడగండి. ఖదీర్ పేరు ఎత్తకండి. కుదిరితే సోమశేఖర్ రోజూ మైదానానికి తొక్కుకొచ్చిన సైకిల్ కూడా ఆమెకు చేర్చండి. అది ఇంకా షెడ్డు గోడకు ఆనించే ఉంది, వెనక చక్రంలో గాలి దిగిపోయి.