మా కిటికీకి రంగు

పాల ప్యాకెట్ కోసమే కదా దిగాను, చేతిలోనే ఉంది, చల్లగా చెమట పడుతోంది, పైకి వెళ్లి కాచాలి, మరి ఈ జనంలో నాకేం పని, కూడలిలో నేల మీద పరిచిన ఈ అద్దపు పలకల్లో ఒకదాని మీద కాలు వేస్తే చాలు, ఎదురుగా మా అపార్ట్‌మెంట్ గోడకు బిగించిన దీపాలు ఆ పలకకు చెందిన కిటికీ చుట్టూ రంగు మారుస్తాయి, ఊరంతా చూసి మురిసిపోతోంది, అందులో కాపురం ఉండే మేము తప్ప, ఆట సాగినంతసేపూ ఇళ్లలో లైట్లు వేయకండి, బొమ్మ పాడవుతుంది అని సెక్రటరీ గుమ్మం గుమ్మానికీ వచ్చి చెప్పిపోయాడు, మాకేం నష్టం, మా ముందుగదిలో లైటు వెలిగితే కదా, డ్రైవింగ్ స్కూలు మూతపడిన దగ్గర్నుంచీ ఆయన గోడవైపు తిరిగి పడుకునే ఉన్నారు, ఎన్నేళ్లు పక్క సీట్లో కూర్చుని నేర్చుకునేవాళ్ల ప్రాణాలు కాచిన మనిషి, బస్సెక్కినా ఆ కుడికాలు ఉత్తుత్తి బ్రేకు తొక్కుతూనే ఉండేది, ఏమండీ, ఈ బస్సు మీది కాదు, కాస్త కాలికి సెలవివ్వండి అంటే పగలబడి నవ్వేవారు, ఆ నవ్వు గుర్తు తెచ్చుకోబోతే పళ్లు గుర్తొస్తున్నాయి గానీ చప్పుడు గుర్తు రావడం లేదు.

మాది మూడో అంతస్తు, ఎడమ చివర, దాని పలక ఏదో వెతుక్కుని కాలు పెట్టాను, నీలం, మళ్లీ పెట్టాను, ఎరుపు, పరదా పలచన కాబట్టి ఆయన మొహం తిప్పుకున్న గోడ మీద ఇప్పుడు ఎరుపు పడుతూ ఉంటుంది, ఆ రంగు వేసింది నేనేనని ఆయనకు తెలియదు, పక్కన ఎవరో ఆవిడ, మీ కాలు మంచిదండీ, మీది భలే వెలుగుతోంది అంది, నవ్వాను, నిజంగానే నవ్వాను, ఎన్నాళ్లయింది, నిన్న కూడా ఆడపడుచు ఫోన్ చేసి వదినా, అన్నయ్య లేచాడా అంటే, లేదమ్మా, ఆయన లేచి తిరిగితే చాలు, నాకింకేం వద్దు అన్నాను, కళ్లు కూడా తుడుచుకున్నాను.

అయ్యో, ఎవరో లైటేశారు, బొమ్మంతా చెడగొట్టారు అని జనం గొణుగుతున్నారు, రంగుల మధ్య పసుప్పచ్చటి మచ్చ ఒకటి, ఎవరో ఏమిటి, మా ముందుగదే, పరదా తొలిగింది, ఆయనే, నలిగిన చొక్కాతో, చువ్వలు పట్టుకుని కిందకు చూస్తున్నారు, పాలకని వెళ్లిన మనిషి ఇంకా రాలేదేమిటని లేచారు, నా కోసం లేచారు, చెయ్యి ఊపాలి, ఏమండీ, ఇక్కడున్నాను అని కేకెయ్యాలి, పరుగెత్తుకుపోవాలి, మరి నా కాళ్లు నన్నెందుకు ఈ స్తంభం చాటుకు తెచ్చాయి, ఒంట్లో బాగాలేదా అంటోంది ఆవిడ, బాగానే ఉందండీ, బాగానే ఉంది, పైనుంచి ఆయన ఒక్కో మొహమూ వెతుకుతున్నారు, లేచిన మనిషి ఇక మాట్లాడతారు, దగ్గర కూర్చోమంటారు, ఇవ్వడానికి నా దగ్గర ఏం మిగిలింది, ఒక్కదాన్నే తినడం, నాలో నేనే మాట్లాడుకోవడం అలవాటైపోయింది, హాయిగా కూడా ఉంది, ఛీ, హాయి అంటున్నానా, అవును, హాయిగానే ఉంది, ఇన్నాళ్లూ అందరి దగ్గరా ఏడ్చి చెప్పుకున్నదంతా ఉత్తదే, నేను భయపడింది ఆయన లేవరేమోనని కాదు, లేస్తారేమోనని.