గాలిపెట్టెకు గలీబు

వేంకటరమణ మాస్టారి ఇంట్లో ముసుగు లేని వస్తువు లేదు. రేడియోకి, మిక్సీకి, ఆఖరికి టెలిఫోనుకి కూడా ఆయన భార్య బుల్లెమ్మగారు పూలగుడ్డతో గలీబులు కుట్టిపెట్టారు. ఆవిడ పోయిన ఈ ఏడాదిలో మాస్టారు వంట నేర్చుకోలేదు గానీ, వాటిని ఉతికి తిరిగి తొడగడం మాత్రం మానలేదు.

రాజమండ్రి గాలిలో ఏ కాలంలో ఎంత దుమ్ముంటుందో కొలవడానికి, పరిశోధన చేస్తున్న ఆయన పాత శిష్యురాలు శృతి ఆ ఇంటి డాబా మీద ఒక యంత్రం పెట్టింది. అది గుయ్యిమంటూ గాలి పీలుస్తుంది. లోపలి తెల్లకాగితం మీద దుమ్ము నిలుస్తుంది. ఉదయం కాగితం పెట్టి, మర్నాడు తీసి తూస్తే లెక్క తేలుతుంది.

పుష్యమాసం వచ్చేసరికి శృతి ముఖం వాడిపోయింది.

"వానాకాలం కంటే ఇప్పుడే దుమ్ము తక్కువొస్తోందండి మాస్టారూ! ఊరంతా దగ్గుతుంటే మీ డాబా మీద గాలి కడిగినట్టుంది. మా గైడు సారు నమ్మట్లేదు. వచ్చేవారం మిషను కాకినాడ పట్టుకుపోతారు. ఈలోగా సరైన లెక్క రాకపోతే నా పనంతా గోదాట్లో కలిసినట్టే."

"మిషనుకేం లోటు రానివ్వట్లేదమ్మా" అన్నారు మాస్టారు నొచ్చుకుంటూ.

మర్నాడు కాగితం పెట్టి వెళ్ళిన శృతి, స్కూటీ తాళం మరిచిపోయి వెనక్కొచ్చింది. డాబా మీద, బుల్లెమ్మగారి మందారపూల చీరగుడ్డ కప్పుకుని యంత్రం మూలుగుతోంది.

"ఇదేంటండి మాస్టారూ!"

"గలీబమ్మా. నేనే కుట్టాను. కార్తీకం నుంచీ ఒకటే దుమ్ము. పరాయివాళ్ళ వస్తువు పాడైతే మాటొస్తుందని. నువ్వొచ్చేలోపు తీసి ఉతికేస్తున్నాను కూడానూ. నీళ్ళెంత నల్లగా వస్తున్నాయనుకున్నావ్!"

శృతి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "నా చలికాలమంతా మీ బకెట్లో పోయిందన్నమాట! దుమ్ము పట్టడానికేనండి అది ఉన్నది!"

మాస్టారు గలీబు వంకా, మిషను వంకా చూసి, పకపకా నవ్వేశారు. ఆ ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైంది.

గలీబు తీసేసి కొత్త కాగితం పెట్టారు. మర్నాటికది పొగచూరిన గోడలా తయారైంది.

"ఎంత నల్లగా ఉందో చూడండి!" శృతి గంతేసింది.

మురికిని ఏనాడూ మెచ్చని మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, "చాలా బాగుందమ్మా" అన్నారు.

ఆ వారం కాగితాలన్నీ అలాగే వచ్చాయి. సారు ఒప్పుకున్నారు. కాకినాడ వ్యాను వచ్చిన రోజు శృతి చెయ్యి చాచింది.

"ఆ గలీబిలా ఇవ్వండి. దారంతా దుమ్మే. ఇప్పుడు కప్పొచ్చు."

ఇస్త్రీ చేసి ఉంచిన గలీబు తెచ్చి, మాస్టారే మూలలు సర్ది తొడిగారు.

"కుట్టు వంకరపోయింది. మీ బుల్లెమ్మ పిన్ని చూస్తే విప్పించి మళ్ళీ కుట్టించేది" అన్నారు.