నూనె గీత

సున్నం పూసిన బండ మీద సన్నటి నూనె గీత.

నల్లగా, తడిగా, వెంట్రుకంత సన్నగా.

అబ్బయ్య పెట్రోలు రంపం ముక్కును బండ వైపు తిప్పి రేసు ఇస్తాడు. ఇనుప బద్ద చుట్టూ చైన్ గిర్రున తిరుగుతుంది. తిరిగే చైన్ నూనె చిమ్ముతుంది. బండ మీద గీత పడుతుంది.

గీత పడితే చైన్ బతుకుతుంది. పడకపోతే అది పొడి చైన్. పొడి చైన్ బద్దను తింటుంది. ఆ తర్వాత తనను తాను తింటుంది.

గీత పడందే ఏ రంపమూ అబ్బయ్య గడప దాటదు. నాచారం రోడ్డు మీద కొట్టు పెట్టిన నాటి నుంచీ అదే మాట.

ముందు గీత... ఆ తర్వాతే బేరం.

దుంగలు కోసే పెట్రోలు రంపాలు అప్పుడప్పుడే ఉప్పల్ టింబర్ డిపోల్లోకి దిగుతున్న రోజులవి. ఇద్దరు మనుషులు చెమటలు కక్కి లాగే కోతను ఆ రంపం బీడీ కాలేలోపు ముగించేది. కోసేవాళ్లు చాలామంది తయారయ్యారు. పదును పెట్టేవాడు మాత్రం ఆ రోడ్డు మీద అబ్బయ్య ఒక్కడే.

బద్దను విప్పి తిరగేసేవాడు. పై అంచు కిందికి, కింది అంచు పైకి. రెండు వైపులా సమంగా అరగాలి.

మనిషికి ఆ వీలు లేదు. ఒకే వైపు అరుగుతాడు.

గాడిలో ఇరుక్కున్న పొట్టు గీకేవాడు. నూనె వచ్చే రంధ్రంలో సన్న తీగ పొడిచేవాడు. తర్వాత ఆకురాయి. ఒక్కో పన్నూ, ఒక్కో పన్నూ... చైన్ చుట్టూ తిరిగి మొదటి పంటి దగ్గరికి వచ్చేదాకా.

ప్రతి పంటి ముందూ ఒక చిన్న బుడిపె ఉంటుంది. అది కోయదు. ఇంతే కొరుకు అని పంటికి హద్దు చెబుతుంది. అంతే దాని పని.

ఆ బుడిపెను అరగదీస్తే పన్ను లోతుగా దిగుతుంది. పొట్టు రాలదు, పెళ్లలు లేస్తాయి. చూసేవాడికి ముచ్చట.

ఏదో ఒకనాడు దుంగ ఆ పంటిని పట్టుకుంటుంది. రంపం వెనక్కి లేస్తుంది. పట్టుకున్నవాడి మొహం వెతుక్కుంటుంది.

పీటర్ ఆ బుడిపెల గురించే వచ్చాడు.

పీటర్ అబ్బయ్య చెల్లెలు పాపమ్మ మొగుడు, డిపోలో కోతకాడు. అతని చేతిలో మొదటి ఆకురాయి పెట్టింది అబ్బయ్యే.

"బావా, గా బుడిపెలు జర దించు. కోత గుంజుకపోవాలె."

"దించ."

"మల్లాపూర్ల అందరు దించుకుంటున్రు."

"వాళ్లకు మొహాలు ఫాల్తు ఉన్నయేమో. నీకు ఒక్కటే ఉన్నది. గది గూడ అంతంత మాత్రమే."

కొట్టు ముందు నిలబడ్డ డిపోవాళ్లు పగలబడి నవ్వారు.

పీటర్ నవ్వలేదు.

మంచి మాటే. కానీ అబ్బయ్య తన మాట ముందు బుడిపె పెట్టుకోలేదు. అది కావలసినదాని కన్నా లోతుగా దిగింది.

కొన్నాళ్లకే రోడ్డుకు అవతల, మల్లాపూర్ మలుపులో, పీటర్ కొట్టు తెరిచాడు. అబ్బయ్య దగ్గర ఉన్నట్టే ముందు ఒక బండ. బండకు సున్నం. గీత చూపించందే అతనూ రంపం ఇవ్వడు.

అన్నీ నేర్చుకున్నాడు. బుడిపె ఒక్కటే వదిలేశాడు.

"పీటర్ పెట్టిన చైన్ వెన్నల కత్తి లెక్క దిగుతదన్నా," అని అబ్బయ్య పాత గిరాకీలే వచ్చి చెప్పిపోయేవాళ్లు. చెప్పి, అటే పోయేవాళ్లు.

ఎండాకాలం పోయింది. వానలు పోయాయి. ఎవడి మొహం మీదా గీత పడలేదు.

నిజం వింత సరుకు. ఎవడో ఒకడు పడితే తప్ప దానికి గిరాకీ రాదు.

అబ్బయ్య చెవి రోడ్డు దాటడం మొదలుపెట్టింది.

పీటర్ తను పదును పెట్టిన ప్రతి రంపాన్నీ తన కొట్టు ముందే ఒక దుంగ మీద కోసి చూసేవాడు. హద్దులో ఉన్న చైన్ పాడుతుంది. ఆకలి చైన్ రంకె వేస్తుంది. ఆ రంకె లేచినప్పుడల్లా ఇక్కడ అబ్బయ్య చేతిలో ఆకురాయి ఆగేది. రంకె సాఫీగా ముగిసేది. ఆకురాయి మళ్లీ కదిలేది.

మొదట్లో అది భయం. చెల్లెలి మొగుడు కదా.

తర్వాత భయం కాదు. ఎప్పుడు మారిందో అబ్బయ్యకు తెలియదు. సాఫీగా ముగిసిన ప్రతిసారీ లోపల ఏదో ఓడిపోయేది... అది మాత్రం తెలుసు.

ఒక ఆదివారం, చర్చి విడిచాక, పాపమ్మ వచ్చింది. కొంగు చాటున గిన్నె. చింతచిగురు వేసి వండిన బోటి.

"అన్నా, మీ ఇద్దరి పంచాతి మీరు జూసుకోండ్రి. నాకు ఒక్కటే జెప్పు. ఆయన కోసేటి చైన్‌తోటి ఫికరేమన్న ఉన్నదా?"

జవాబు నాలుక మీదికి వచ్చింది. చేదుగా ఉంది. మింగాడు.

"మీ ఆయన పెద్ద ఉస్తాద్ గద. పోయి ఆయన్నే అడుగు."

పాపమ్మ అన్న మొహంలోకి చూసింది. నవ్వింది.

"ఎక్కిరిస్తున్నవంటే ఫికర్ లేనట్టే తియ్యి. నిజంగ ఉంటె నువ్వు జెప్పకుంట ఉంటవా?"

తేలికైన నడకతో వెళ్లిపోయింది.

పిలిస్తే వినిపించేంత దూరంలోనే చాలాసేపు నడిచింది.

అబ్బయ్య పిలవలేదు.

గిన్నెలో కూర చల్లారింది. కొవ్వు తెల్లగా పేరుకుంది.

ఆ వారంలోనే ఒక పొద్దున. ఎవరిదో పాత రంపం. పొట్టు గీకాడు, పళ్లు రుద్దాడు, బద్ద తిరగేశాడు. రంపం ముక్కు బండ వైపు తిప్పాడు. ఇంకా రేసు ఇవ్వలేదు.

రోడ్డుకు అవతల రంకె లేచింది.

దుంగలోకి దిగింది.

ఆగింది.

పెట్రోలు అయిపోతే రంపం దగ్గుతుంది. మనిషి ఆపితే మెల్లగా ఊపిరి వదులుతుంది. ఇది రెండూ కాదు.

రోడ్డు మీద ఒక సైకిలు ఆగింది. సైకిలు మీదివాడు మల్లాపూర్ మలుపు వైపు తల తిప్పాడు.

పరుగెత్తాలి. కాళ్లకు తెలుసు. కదలలేదు.

అబ్బయ్య ఛాతీలో ఏదో లేచింది. భయం అనుకున్నాడు. భయమే అయి ఉండాలని... ఎన్నడూ చేయని ప్రార్థన ఒకటి చేశాడు.

బతుకంతా పంటికి హద్దు కొలిచినవాడు. ఇది కొలతకు రాలేదు.

రేసు మీది వేలు దానంతటదే బిగుసుకుంది. చైన్ గిర్రున తిరిగింది.

సున్నం పూసిన బండ మీద నూనె గీత.

నల్లగా, తడిగా —

వంకరటింకరగా.