పొద్దు గుంకకముందే

మహబూబ్ పాషా ఎంత మొండివాడో చీరాల బట్టల బజారులో ఎవర్నడిగినా చెబుతారు. మెల్‌బోర్న్‌లో, క్లేటన్‌లోని కొడుకింటికి వచ్చాక కూడా ఆ మొండితనం తగ్గలేదు సరికదా, రంజాన్‌లో ఇంకో మెట్టెక్కింది. ఆయాసానికి వాడే మందు పఫర్ పీలిస్తే ఉపవాసం చెడి రోజా పోతుందని ఆయన తీర్మానం. జబ్బుమనిషికి రోజా మాఫీ అని ఇమామ్‌గారు నచ్చజెప్పినా, "అది మంచానపడ్డవాళ్ళకి" అనేశాడు. ఏళ్ళ తరబడి బీడీలు కాల్చి పాడుచేసుకున్న ఊపిరితిత్తులు పెట్టుకుని అనాల్సిన మాటేనా అది!

ఆ ఏడు రంజాన్ డిసెంబరులో వచ్చింది. ఇక్కడ డిసెంబరంటే నడి ఎండాకాలం, తొమ్మిది కావస్తే గానీ పొద్దు గుంకదు. ఆ రోజు ముప్ఫై ఒకటో తారీఖు. అర్ధరాత్రి రెండు వేల సంవత్సరాన్ని చూసి కంప్యూటర్లు బెంబేలెత్తిపోతాయట. వాటికి కాపలా కాయడానికి కొడుకు ఫైజాన్ ఆఫీసుకెళ్ళాడు. కోడలికీ డ్యూటీయే. ఇంట్లో పాషా, ఆయన భార్య ఫరీదా మిగిలారు. తెల్లారకముందే లేచి సహరీ తిని ఇద్దరూ రోజా ఉన్నారు.

రెండు రోజులుగా ముదురుతున్న దగ్గు, మధ్యాహ్నం నమాజయ్యేసరికి ఆయాసంలోకి దిగింది.

"పఫర్ తెస్తా ఉండండి."

"వద్దు. ఇఫ్తార్... అయ్యాక."

"ఇఫ్తార్‌కి ఇంకా ఎంత పొద్దుందో చూశారా?"

పాషా చెయ్యి అడ్డంగా ఊపాడు.

ఫరీదా ఆయన్ని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టింది. ఒంట్లో బాగాలేదంటే మనవాళ్ళు చేసే మొదటి పని అదే కదా. తల దిండుకి ఆనిందో లేదో, నీళ్ళలో ముంచినట్టు కొట్టుకుంటూ లేచాడు. మంచం అంచున కూర్చుని, మోకాళ్ళకి చేతులానించి ముందుకి వంగాడు. మెడ కండరాలు తాళ్ళలా బిగుసుకున్నాయి.

అప్పుడు ఫరీదా చూపు ఆయన పొట్ట మీద పడింది. క్లినిక్‌లో డాక్టర్ కృష్ణమూర్తిగారు ఒకసారి చెప్పారు: "ఊపిరితిత్తుల కింద గొడుగులా వంగిన కండరం ఒకటుంటుందమ్మా, డయాఫ్రం అంటాం. మీవారికి ఊపిరితిత్తులు ఉబ్బిపోయి అది చదునైపోయింది. గాలి పీల్చినప్పుడు పొట్ట పైకి లేవాలి. లోపలికి పోతోందంటే ఆ కండరం చేతులెత్తేసినట్టే. ఇంకేం ఆలోచించకుండా అంబులెన్స్ పిలవండి."

పాషా గాలి పీల్చాడు. ఛాతీ పైకి లేచింది, పొట్ట లోపలికి పోయింది. మళ్ళీ అంతే.

ఫరీదా ఫోన్ దగ్గరికి పరుగెత్తి అంబులెన్స్ నంబరు, మూడు సున్నాలు నొక్కింది. "హస్బెండ్. బ్రీతింగ్ బ్యాడ్. స్టమక్ గోయింగ్ ఇన్, నాట్ అవుట్," అని, కొడుకు కంఠతా పట్టించిన అడ్రసు ఒప్పజెప్పింది. అంబులెన్స్ వచ్చేదాకా పఫర్ ఇవ్వమన్నారు.

పఫర్‌కి ప్లాస్టిక్ గొట్టం తగిలించి నోటి దగ్గర పెట్టింది. ఆయన పెదాలు బిగించేశాడు. ఆ పెదాల చుట్టూ అప్పటికే నీలం పాకుతోంది.

"అల్లా మీ ప్రాణం అడిగాడా?" అని అరిచింది. ఆమెకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. విసురుగా వంటింట్లోకి వెళ్ళి గ్లాసు నిండా నీళ్ళు పట్టుకొచ్చింది. ఆయన ఎదురుగా నిలబడి, కిటికీలోంచి పడే ఎండలో గటగటా తాగేసింది.

పెళ్ళయిన దగ్గర్నుంచీ, ఉండాల్సిన రోజా ఒక్కటీ మధ్యలో విడిచిన మనిషి కాదు ఫరీదా. పాషా కళ్ళు పెద్దవయ్యాయి.

"మీరు పఫర్ పీల్చకపోతే రేపూ ఇంతే. ఈద్ దాకా రోజూ మీ ఎదురుగానే తాగుతా. ఆ పాపం మీ లెక్కలోనే రాయించుకోండి!"

ఆయన ఆమె వంకే చూస్తూ నోరు తెరిచాడు. ఫరీదా పఫర్ నొక్కింది. గాలి కొంచెం లోపలికి వెళ్ళింది. మళ్ళీ నొక్కింది.

అంబులెన్స్‌వాళ్ళు వచ్చి మాస్కు తగిలించి, కూర్చోబెట్టే తీసుకెళ్ళారు. ఆసుపత్రి దగ్గరికొచ్చేసరికి పాషా మొహంలో రంగు తిరిగింది. ఫరీదా ఆయన చెయ్యి వదల్లేదు. ఆయన మాస్కు కాస్త పక్కకి జరిపి, మాట మాటకీ ఆగుతూ అన్నాడు.

"రేపు సహరీకి... నువ్వు లే. నన్ను... లేపొద్దు."