కరుణన్న ఇంటి చాయ్ గ్లాసులు

పొద్దున ఆరున్నరకే కరుణాకర్ ఇంటి ముందు చెప్పులు కుప్పపడతాయి. హుజూరాబాద్ పక్కన పదిహేను ఊళ్ళకు ఆయన పార్టీ మండల అధ్యక్షుడు. వచ్చినవాళ్ళు అరుగు మీద కూర్చుంటారు, ఏదో ఒకటి అడుగుతారు, చాయ్ తాగి పోతారు. అడగలేక మింగిన మాట మాత్రం గ్లాసు అడుగున ఉండిపోతుంది. కడిగేటప్పుడు నీళ్ళు తగలగానే, కడిగేవాళ్ళకు అది వినిపిస్తుంది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. ఆ ఇంట్లో గ్లాసులు కడిగేది ఎవరో కూడా తెలుసు.

కరుణాకర్ భార్య వినోద నల్లా దగ్గర కూర్చుని అన్నీ వింటుంది. ఆయన అన్నానికి కూర్చున్నప్పుడు చెబుతుంది.

"రోజారాణి రేషన్ కార్డని అచ్చింది గని, గది కాదు. మస్కట్‌ల ఉన్న మొగడు మూడు నెలల సంది ఫోన్ చేస్తలేడట. నలుగుట్ల అడుగుతానికి సిగ్గయింది పిల్లకు."

సాయంత్రానికల్లా కరుణాకర్ మస్కట్‌కు ఫోన్లు చేయించాడు. అడగకముందే కడుపులో మాట తెలుసుకుంటాడని జనం చెప్పుకున్నారు. ఆ పేరు మీదే ఆయన వార్డు మెంబరయ్యాడు, సర్పంచయ్యాడు, ఎంపీటీసీ అయ్యాడు. సభల్లో శాలువాలు కప్పించుకున్నది ఆయన. వాటిని మడతపెట్టి బీరువాలో సర్దింది వినోద.

మండల అధ్యక్షుడు కాగానే గాజు గ్లాసులు ఆయనకు నామోషీ అనిపించాయి. తన ఫోటో అచ్చువేయించి డబ్బాలకొద్దీ కాగితపు కప్పులు తెప్పించాడు. తాగినవాళ్ళు ఆయన మొహాన్ని నలిపి మురుగు మోరీలో పడేశారు. వాళ్ళ బాధలూ మోరీలోనే పోయాయి. ఆ ఏడాదంతా ఆయన, పింఛను ఆగిన ముసలివాళ్ళకు ఊరి ముందు కమాను కట్టిస్తానన్నాడు, బోరెండిన వాడలో జిమ్ పెట్టిస్తానన్నాడు. ఎన్నికల్లో ఓడి ఇంటికొచ్చి, అటక మీది గ్లాసులు తనే దించాడు. దించాడంతే. కడగలేదు.

ఈసారి జడ్పీటీసీ సీటు ఆడవాళ్ళకు రిజర్వయింది. జిల్లా అధ్యక్షుడు ఫోన్లోనే తేల్చేశాడు: "మీ ఆమె పేరు పెట్టు, పని నువ్వు చేసుకో. అందరు చేసేది గదే."

నామినేషన్ల ఆఖరి రోజు పొద్దున కరుణాకర్ కాగితాలు వినోద ముందు పరిచాడు. "ఈడొకటి, ఈడొకటి సంతకం పెట్టు."

ఆమె మొదటి నుంచి చివరిదాకా చదివింది. "పెడ్త. గని ముందుగాల ఇయ్యాల్టి గ్లాసులు నువ్వు కడుగు."

"ఏందే, ఇప్పుడా? బయట కార్యకర్తలున్నరు."

"ఉండనియ్యి. ఆళ్ళు తాగిన గ్లాసులే గదా."

"మూడింటి లోపల కాగితాలు ఇయ్యకుంటే సీటు ఇంకోళ్ళకు పోతది, ఎరుకేనా?"

"ఎరుకే. అందుకే జల్ది కడుగు."

ఆయన నల్లా ముందు గొంతు కూర్చోగానే అరుగు మీద చాయ్ తాగుతున్న ముసలి లస్మవ్వ పడీపడీ నవ్వింది. "అంగి చేతులు మలుసుకో కొడుకా, తెల్ల బట్ట ఖరాబైతది!"

మొదటి గ్లాసు ముత్యంది. బర్రె కోసం లోను అడిగిన మనిషి, నిజానికి కొడుకు తాగొచ్చి కొడుతున్నాడని చెప్పుకోవడానికి వచ్చాడు. రెండోది శంకరవ్వది. బీడీలు చుట్టి చుట్టి ఆమె వేళ్ళు వంగడం లేదు. కార్ఖానావాళ్ళకు తెలిస్తే పని పోతుందని భయం. పదో గ్లాసుకు కరుణాకర్ వీపు పట్టేసింది. ఇరవయ్యో గ్లాసుకు కళ్ళు మసకబారాయి. వినోద తనకు రెండు ముక్కల్లో చెప్పేది. మిగిలిన బరువంతా ఇన్నేళ్ళూ ఆమె తన దగ్గరే ఉంచుకుందన్నమాట.

చివర ఒక స్టీలు గ్లాసు మిగిలింది. వంటింట్లో నిలబడి, చల్లారిన చాయ్ వినోద తాగేది అందులోనే. నీళ్ళు పోశాడు.

"నేను ఇన్నది ఒక్కసారన్న నేనే చెప్పాలె."

అంతే. తిట్టు లేదు, ఏడుపు లేదు.

ధన్యవాదాలు చెప్పడం వేదికల మీద ఆయనకు కొత్త కాదు. భార్యకు ఎలా చెప్పాలో మాత్రం తెలియలేదు. తడి చేతులతో వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"పద్దెనిమిదేండ్లు గింత బరువెట్ల మోసినవే? నీ పుణ్యాన లీడర్నైన. నా అంతట నేనైన అనుకున్న."

"జర ఆలస్యమైంది గని, తెల్సింది," అని వినోద సంతకం పెట్టింది.

నామినేషన్ వేసి బయటికి రాగానే విలేకరులు అలవాటుగా కరుణాకర్ మూతి ముందు మైకులు పెట్టారు. "అన్నా, మండలంల పెద్ద సమస్య ఏంది?"

మొదటిసారి తన చెవులతో విన్నవన్నీ ఆయన నాలుక చివరనే ఉన్నాయి. "చెప్పు, చెప్పు," అని జిల్లా అధ్యక్షుడు మోచేత్తో పొడిచాడు. కరుణాకర్ రెండడుగులు వెనక్కి జరిగాడు.

"నిలబడ్డది ఆమె. ఆమెనే అడుగుండ్రి."

మైకులు తిరిగాయి. వినోద కొంగుతో మొహం తుడుచుకుంది. ఎన్ని నెలలుగానో ఒక గ్లాసులో వింటూ వచ్చిన మాటను పైకి చెప్పింది.

"పేరు చెప్ప. మా దిక్కు బీడీలు చుట్టే ఒకామెకు వేళ్ళు వంగుతలేవు. చెప్తె పని పోతదని ముద్ద కూడ చాటుకు తింటది. గసుంటోళ్ళు ఎంతమందున్నరో ఏ ఆఫీసులనన్న ఎవలన్న అడిగిండ్రా?"

అప్పుడు గుంపు వెనక నుంచి శంకరవ్వ, వంగని వేళ్ళున్న చెయ్యి పైకెత్తి జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"పేరెందుకు దాస్తవ్ బిడ్డా? గా వేళ్ళు నాయే. సల్లగ బతుకు."